బత్తాయి కంటెయినర్ ఎక్కించే ముందు

నా మొదటి కంటెయినర్‌ను అవతలి రేవులో తెరిచి పంపిన ఫొటోలు ఇప్పటికీ ఫోన్‌లో ఉన్నాయి. కొన్ని పెట్టెల నిండా ఆకుపచ్చ బూజు. ఓడలో కరెంటు పోయి కంటెయినర్‌లో చల్లదనం తగ్గిందేమో అనుకున్నాను. టెంపరేచర్ రికార్డు తెప్పించి చూస్తే ఎక్కడా తేడా లేదు. చెడిన పెట్టెల లాటు నంబర్లు చూశాక అర్థమైంది. అన్నీ ఒకే రోజు కోతవి, రాత్రంతా వాన పడితే తెల్లారగానే కోయించినవి. అందుకే ఎగుమతి గురించి ఎవరడిగినా కోత నుంచే మొదలుపెడతాను.

మంచు గానీ వాన తడి గానీ పూర్తిగా ఆరేదాకా ఆగండి. నీటితో బిగిసి ఉన్న కాయను గట్టిగా పట్టుకుంటే తొక్కలోని నూనె తిత్తులు చిట్లి, తర్వాత మచ్చలు తేలతాయి. కాయను లాగి తెంపొద్దు. కత్తెరతో తొడిమను కాయకు సమంగా కత్తిరించాలి. పుల్ల మిగిలితే పక్క కాయను గుచ్చుతుంది, ఆ బూజుకు దారి గాయమే. నేను పెట్టెల లెక్కన కూలి ఇవ్వడం మానేసి రోజు కూలి ఇస్తున్నాను. ఖర్చు పెరిగింది, కానీ కోసేవాళ్లకు తొందర పోయింది, గాయాలు బాగా తగ్గాయి.

బత్తాయి కోశాక తీపెక్కదు. ఎథిలీన్ వాయువు పెట్టిన గదిలో ఉంచితే తొక్కకు రంగు మాత్రమే వస్తుంది. కాబట్టి రంగు చూసి కాదు, రసం పరీక్షించి కోతకు దిగండి.

కొనే దేశం నిబంధనలు ప్యాకింగ్ రోజున కాదు, మందు కొట్టక ముందే తెలుసుకోవాలి. మందు అవశేషాల పరిమితి దేశానికో రకంగా ఉంటుంది. నల్లమచ్చ తెగులు కనిపిస్తే యూరప్‌లో సరుకు ఆపేస్తారు. సరుకులో తెగుళ్లు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఎలాగూ కావాలి. పెట్టెలు పేర్చే చెక్క ప్యాలెట్లకు కూడా శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి.

పండు ఈగ భయం ఉన్నచోట చలిశుద్ధి, అంటే కాయలోని ఈగ పురుగులు చచ్చేలా చలిలో ఉంచడం, అడుగుతారు. మధ్యధరా పండు ఈగకు అమెరికా చలిశుద్ధి పట్టికలో 1.1 డిగ్రీల సెల్సియస్ దాటకుండా 14 రోజులు ఉంచాలని ఉంది. అది గాలి లెక్క కాదు, గుజ్జులో గుచ్చిన సెన్సార్ చూపించే లెక్క. కంటెయినర్ ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందే గానీ వేడి కాయను త్వరగా చల్లబరచలేదు. ముందే కోల్డ్ రూమ్‌లో గుజ్జు దాకా చల్లబరిచి ఎక్కించండి.

ప్రతి లాటు నుంచీ రెండు పెట్టెలు మీ దగ్గరే కోల్డ్ రూమ్‌లో, అదే ఉష్ణోగ్రతలో ఉంచుకోండి. అవతలి నుంచి బూజు వచ్చిందని ఫోన్ వస్తే ముందు వాటిని తెరిచి చూడండి. మీ పెట్టెల్లోనూ బూజు ఉంటే ఓడవాళ్లతో వాదన వద్దు, ఆ లాటు ఏ రోజు కోతో చూసుకోండి.