నమీబియాలో ప్లెయిన్స్ గేమ్ వేటకు రైఫిల్, తూటాలు ఎలా ఎంచుకోవాలి?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట తాతల కబుర్లలోకి వెళ్లిపోయింది. అమెరికా లాంటి చోట్ల స్థిరపడ్డ మనవాళ్లలో మాత్రం లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో చట్టప్రకారం వేటాడేవాళ్లు కొద్దిమంది ఉన్నారు. నేను టెక్సస్‌లో అలా మొదలుపెట్టినవాణ్ణే. వీళ్లలో ఎవరు ఆఫ్రికా వెళ్తున్నా ముందుగా అడిగేది ఒకటే: "ఏ గన్ కొనమంటావన్నా?" గన్ సంగతి చివర్లో చూద్దాం. ముందు జంతువు, తర్వాత బుల్లెట్, ఆ తర్వాతే గన్.

రెండు మాటలు తేల్చుకుని ముందుకెళ్దాం. ఏనుగు, ఆఫ్రికా అడవిదున్న, సింహం, చిరుత లాంటి ప్రమాదకరమైనవాటిని పక్కన పెడితే మిగిలిన జింక జాతులు, జీబ్రా, వార్ట్‌హాగ్ అనే అడవిపంది, వీటన్నిటినీ కలిపి ప్లెయిన్స్ గేమ్ అంటారు. ఇక ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి గొట్టం, మందుతో సహా మొత్తం. దాని ముందు కొసన ఉండి ఎగిరి వెళ్లేదే బుల్లెట్.

1. జంతువుల జాబితా రాసుకోండి

మీ ప్యాకేజీలో ఏవేవి ఉన్నాయో కాగితం మీద పెట్టండి. స్ప్రింగ్‌బాక్ నలభై కిలోలు, మన కృష్ణజింకంత. గెమ్స్‌బాక్, అంటే పొడవాటి కత్తుల్లాంటి కొమ్ములుండే ఓరిక్స్, రెండొందల కిలోల పైమాటే. కుడూ పోతు మన కణుజంత, రెండొందల యాభై దాకా తూగుతుంది. జీబ్రా మూడొందలు. ఈలండ్ పోతైతే ఏడెనిమిది వందల కిలోలు. బాగా మేపిన ఒంగోలు ఆబోతు పక్కన నిలబెట్టినా తీసిపోదు.

జాబితాలో అన్నిటికన్నా పెద్దదాన్ని చూసి బుల్లెట్ ఎంచుకోవాలి. పెద్దదానికి సరిపోయేది చిన్నదానికీ పనికొస్తుంది, చిన్నదానికి కొన్నది పెద్దదానికి పనికిరాదు. నమీబియా చట్టం కూడా శక్తిని జంతువును బట్టే లెక్కగట్టింది. రైఫిల్ గొట్టం దాటేటప్పుడు బుల్లెట్‌కు స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్నవాటికి కనీసం 1,350 జౌల్స్, కుడూ, ఓరిక్స్, ఈలండ్ లాంటివాటికి 2,700 జౌల్స్ ఉండాలి. భయపడకండి, 30-06 అనే మామూలు రకం రైఫిల్‌కే 3,900 దాకా ఉంటుంది. అంటే అసలు చిక్కు శక్తితో రాదు.

2. ఎంత దూరం నుంచి కాల్చాల్సి వస్తుందో అడగండి

మీ వెంట వచ్చే ప్రొఫెషనల్ హంటర్‌కు, అంటే పీహెచ్‌కు, ఒక మెయిల్ పెట్టండి. ముళ్లపొదల ప్రాంతమైతే యాభై నుంచి నూట యాభై మీటర్లు. కలహారి అంచున, దక్షిణాది బయళ్లలో రెండొందలు మామూలు, అప్పుడప్పుడూ మూడొందలు. జవాబు మీటర్లలో వస్తుందని మర్చిపోవద్దు. అమెరికాలో గజాలకు అలవాటుపడ్డ నేను మొదటిసారి ఇక్కడే బోల్తాపడ్డాను. పీహెచ్ చెవిలో "మూడొందలు" అన్నాడు, నేను మూడొందల గజాలకు లెక్కవేసి కాల్చాను. మూడొందల మీటర్లంటే 328 గజాలు. బుల్లెట్ ఓరిక్స్ పొట్టకింద దుమ్ము లేపింది. అది నావైపు తాపీగా ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

3. బుల్లెట్: ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే

ఆఫ్రికాలో ఒక నియమం ఉంది. రక్తం చుక్క నేల మీద పడిందంటే జంతువు దొరికినా దొరక్కపోయినా డబ్బు కట్టాల్సిందే. నేను మొదటి ట్రిప్పుకు డిస్కౌంట్‌లో దొరికిన మామూలు సాఫ్ట్ పాయింట్ (బుల్లెట్ కొసన మెత్తటి సీసం బయటికి ఉండే) తూటాలు పట్టుకెళ్లాను. తెల్లతోక జింకల మీద అవి బ్రహ్మాండంగా పనిచేశాయి మరి. బ్లూ వైల్డబీస్ట్ అనే, ఎద్దులా కనిపించే పెద్ద జింక భుజం ఎముకకు తగిలినప్పుడు బుల్లెట్ పైపైనే ముక్కలైపోయిందని జాడ పట్టే ట్రాకర్ తేల్చాడు. నాలుగు గంటలు ఇసుకలో జాడ పట్టి నడిచాం. దొరకలేదు. బిల్లు కట్టాను. డబ్బు సంగతి పోనివ్వండి, గాయపడ్డ జంతువును వదిలేసి వచ్చిన ఆ రాత్రి అన్నం సహించలేదు.

కాబట్టి ఎముకను పగలగొట్టుకుని లోపలికి వెళ్లే గట్టి బుల్లెట్ కావాలి. ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటి, మధ్యలో అడ్డగోడ ఉన్నది: జాన్ నాస్లర్ 1948లో తెచ్చిన పార్టిషన్ ఈ రకానిదే. ముందు సగం విచ్చుకుంటుంది, గోడ వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. రెండోది, సీసాన్ని రాగి తొడుగుకు అతికించిన బాండెడ్ రకం. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్‌లో అడ్డగోడ, అతుకు రెండూ ఉంటాయి. మూడోది, సీసమే లేకుండా పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ టీఎస్‌ఎక్స్ లాంటివి. నా ఓటు దీనికే. ఇది తరచుగా అవతలివైపు నుంచి బయటికొచ్చేస్తుంది కాబట్టి రెండు వైపులా రక్తం కారి జాడ తేలిగ్గా దొరుకుతుంది. మాంసంలో సీసం ముక్కలూ ఉండవు. నమీబియాలో ఆ మాంసం ఏదీ పారేయరు, సాయంత్రానికి మీ పళ్లెంలోకే వస్తుంది.

రెండో ట్రిప్పులో కుడూ చర్మం వలిచే పెద్దాయన అవతలి భుజం దగ్గర చర్మం కింద నుంచి నా రాగి బుల్లెట్ తీసి అరచేతిలో పెట్టాడు. ముందువైపు నాలుగు రేకులు పువ్వులా వెనక్కి మడుచుకున్నాయి, అడుగుభాగం కొత్తగా ఉన్నట్టే ఉంది. ఆ బుల్లెట్ ఇప్పటికీ నా టేబుల్ మీదుంది.

బరువు గ్రెయిన్లలో చెప్తారు. 15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము. క్యాలిబర్ అంటే రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం. 30 క్యాలిబర్‌లో సీసం రకమైతే 180, రాగిదైతే 165 గ్రెయిన్లు తీసుకోండి. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవెక్కువవుతుంది, అందుకే ఒక మెట్టు కిందికి దిగినా పర్వాలేదు.

4. ఇప్పుడు క్యాలిబర్

ఇంట్లో 308 విన్‌చెస్టర్, 30-06, 270, 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్, వీటిలో ఏదున్నా కొత్తది కొనకండి. ఇదే నా సలహా. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టిన 30-06 ఈరోజుకీ ఈలండ్ దాకా అన్నిటికీ చాలు. నమీబియా రైతుల పికప్పుల్లో ఎక్కువగా 308, 30-06లే కనిపించాయి నాకు.

"300 విన్ మాగ్ అయితే ఇంకా పవర్ కదా?" అంటారు, 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ గురించి. లెక్క చూడండి. రెండొందల గజాల దగ్గర సరిగ్గా గురికి తగిలేలా సరిచేసిన 30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ మూడొందల గజాల దగ్గర ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. 300 విన్ మాగ్‌లో ఏడంగుళాలు. ఆ ఒక్క అంగుళం కోసం భుజం మీద తన్ను దాదాపు మూడో వంతు పెరుగుతుంది. తన్నుకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగేవాళ్లను రేంజ్‌లో ప్రతి శనివారం చూస్తాను. జాబితాలో అడవిదున్న కూడా ఉంటే అది వేరే లెక్క, 375 హెచ్ అండ్ హెచ్ అనే పెద్ద క్యాలిబర్ రైఫిల్ ఒక్కటీ తీసుకెళ్తే రెండిటికీ సరిపోతుంది.

ఒకవేళ కొత్తదే కొనాలనుకుంటే అరుదైన క్యాలిబర్ జోలికి పోవద్దు. లగేజీలో తూటాలు తప్పిపోతే నమీబియా రాజధాని విండ్‌హూక్ షాపులో 30-06 దొరుకుతుంది. మీ ఫ్యాన్సీ తూటా దొరకదు.

5. స్కోప్

స్కోప్ అంటే రైఫిల్ మీద బిగించే దుర్బిణి. 3-9 పవర్‌ది, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపేది చాలు. నడిచేటప్పుడు 3 మీదే ఉంచండి. 9 మీద పెట్టుకుని దగ్గరి పొదలో జింకను వెతికితే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ కనపడవు.

6. మూడు కర్రల మీద ప్రాక్టీస్ చేయండి

ఆఫ్రికాలో, రేంజ్‌లో లాగా కూర్చుని రైఫిల్ ఆనించుకునే బెంచీ ఉండదు. ట్రాకర్ మూడు కాళ్ల షూటింగ్ స్టిక్స్ మీ ముందు తెరిచి పెడతాడు, మీరు నిలబడి వాటి మీద రైఫిల్ ఆనించి ఐదారు సెకన్లలో కాల్చాలి. బెంచీ మీద నాకు మూడు తూటాలు రూపాయి బిళ్లంత చోట పడేవి. స్టిక్స్ మీదికొచ్చేసరికి అన్నం పళ్లెమంత అయ్యింది. రెండు నెలలు ముందే స్టిక్స్ కొనుక్కుని వారానికి ఇరవై తూటాలు నిలబడి కాల్చండి. ఇంట్లో డమ్మీ తూటాతో రోజూ పది నిమిషాలు ట్రిగ్గర్ లాగండి, గది ఖాళీగా ఉందని, గన్‌లో అసలు తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాకే. పళ్లెంలో ప్రతిసారీ పడే దూరం ఎంతో, అదే మీ హద్దు. పీహెచ్‌కు మొదటిరోజే ఆ దూరం చెప్పేయండి, మొహమాటపడొద్దు.

కాల్చే చోటు కూడా మారుతుంది. అమెరికాలో భుజం వెనక కాల్చే అలవాటు ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ఈ జంతువుల గుండె ఇంకా ముందుకు, కిందికి, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. పక్కకు తిరిగి నిలబడితే ముందుకాలి మధ్యగీత వెంబడే పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. జీబ్రాకైతే ప్రకృతే గుర్తు పెట్టింది, భుజం మీద చారలు కలిసి త్రికోణంలా కనిపించే చోటు. వైల్డబీస్ట్ మూపు ఎత్తు చూసి మోసపోకండి, ఆ ఎత్తంతా వెన్నుముళ్లే.

7. తూటాల లెక్క, కాగితాలు

వారం రోజుల ట్రిప్పుకు నలభై నుంచి అరవై తూటాలు చాలు. అన్నీ ఒకే లాట్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి, ఫ్యాక్టరీ డబ్బాల్లోనే ఉండాలి. విమానాల్లో సాధారణంగా ఐదు కిలోలే అనుమతిస్తారు. రైఫిల్ తాళం వేసిన గట్టి పెట్టెలో, తూటాలు విడిగా తాళం వేసిన డబ్బాలో, రెండూ చెక్-ఇన్ లగేజీలోనే. మధ్యలో దిగే దేశపు రూల్స్, ఎయిర్‌లైన్ రూల్స్ టికెట్ కొనకముందే చూడండి. సెమీ ఆటోమేటిక్, పిస్టల్ నమీబియాకు తీసుకెళ్లలేరు. ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ అయితే ఇబ్బంది లేదు. సీజన్ ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా, చల్లగా ఉండేది మే నుంచి ఆగస్టు.

అమెరికా నుంచి వెళ్లేవాళ్లు బయల్దేరకముందే కస్టమ్స్ ఆఫీసులో రైఫిల్ చూపించి 4457 ఫారం మీద స్టాంపు వేయించుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు అది మీదేనని చూపడానికి. హెచ్-1బీ మీదున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కాదు కదా, ఒక్క తూటా దగ్గరున్నా ఫెడరల్ నేరం. లైసెన్స్ ఉన్నా రైఫిల్‌ను దేశం దాటించి వెనక్కి తేవడానికి సిటిజన్లకున్న వెసులుబాట్లన్నీ వాళ్లకు వర్తించవు. అలాంటివాళ్లకు నేను చెప్పేది అక్కడే అద్దెకు తీసుకోమని. క్యాలిబర్, బుల్లెట్ రకం ముందే మెయిల్‌లో రాయించుకోండి. అక్కడి రైఫిళ్లకు చాలావాటికి సైలెన్సర్ ఉంటుంది, దాంతో తన్ను కూడా తగ్గుతుంది.

సొంతదైనా అద్దెదైనా, ఫామ్‌లో దిగిన సాయంత్రమే టార్గెట్ మీద రెండు మూడు తూటాలు కాల్చి చూసుకోండి. విమానంలో పెట్టె ఎన్నిసార్లు కిందపడిందో ఎవరికి తెలుసు. నా స్కోప్ ఒకసారి నాలుగంగుళాలు ఎడమకు జరిగిపోయింది. పీహెచ్ ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ అందించాడు.