సర్వ్‌లెట్ జీవితచక్రాన్ని టామ్‌క్యాట్‌లో కళ్లారా చూడటం ఎలా?

అమీర్‌పేటలో జావా కోర్సు చేసినవాళ్లను నిద్రలో లేపి సర్వ్‌లెట్ లైఫ్ సైకిల్ ఏమిటని అడిగినా ఇనిట్, సర్వీస్, డిస్ట్రాయ్ అని చెప్పేస్తారు. ఆ వెంటనే "ఒకేసారి వందమంది ఆ పేజీ తెరిస్తే ఎన్ని సర్వ్‌లెట్ ఆబ్జెక్టులు తయారవుతాయి?" అని అడిగి చూడండి. చాలామంది తడబడతారు. మామూలుగా తయారయ్యేది ఒక్కటే. సర్వ్‌లెట్లతో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం మరిచిపోవడం వల్ల వచ్చేవే. చదివితే మరిచిపోతాం కాబట్టి ఒక చిన్న సర్వ్‌లెట్ రాసి, అది ఎప్పుడు పుడుతుందో, రిక్వెస్టులను ఎలా అందుకుంటుందో, ఎప్పుడు పోతుందో మన టెర్మినల్‌లోనే చూద్దాం.

సర్వ్‌లెట్ అంటే బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్టును తీసుకుని రెస్పాన్స్ ఇచ్చే జావా క్లాస్. దానికి మెయిన్ మెథడ్ ఉండదు. దాన్ని సృష్టించేదీ, పిలిచేదీ, చివరికి తీసేసేదీ కంటైనరే. మన విషయంలో ఆ కంటైనర్ టామ్‌క్యాట్.

1. కావలసినవి సిద్ధం చేసుకోండి

జేడీకే (జావా కోడ్‌ను కంపైల్ చేసే కిట్) 17, టామ్‌క్యాట్ 10.1 ఉంటే చాలు. టామ్‌క్యాట్ జిప్ ఫైలును ఏదో ఒక ఫోల్డర్‌లో విప్పుకుంటే సరిపోతుంది, ఇన్‌స్టాలర్ అక్కర్లేదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఇరుక్కునే చోటు ఒకటుంది. టామ్‌క్యాట్ 9 దాకా సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు "జావాఎక్స్"తో మొదలయ్యేవి. ఒరాకిల్ సంస్థ జావా ఈఈని (సర్వ్‌లెట్లు అందులో భాగమే) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాక ఆ పేరు "జకార్తా"గా మారింది. టామ్‌క్యాట్ 10 నుంచి జకార్తాయే. పాత వీడియో చూసి కోడ్ కాపీ చేస్తే కంపైల్ కాదు. ఒకవేళ పాత జార్ ఫైలుతో కంపైల్ అయినా, కొత్త టామ్‌క్యాట్ ఆ సర్వ్‌లెట్‌ను గుర్తుపట్టక 404 (పేజీ దొరకలేదు) చూపిస్తుంది. ఇంపోర్ట్ లైన్లు ముందే చూసుకుంటే గంటల టెన్షన్ తప్పుతుంది.

2. సర్వ్‌లెట్ రాయండి

హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌ను ఎక్స్‌టెండ్ చేస్తూ, ఒక ప్యాకేజీలో, ఒక క్లాస్ రాయండి. పైన వెబ్‌సర్వ్‌లెట్ యానొటేషన్‌తో "/హలో" అనే దారి ఇవ్వండి. సర్వ్‌లెట్ 3.0 నుంచి ఈ సౌకర్యం ఉంది కాబట్టి వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాయనవసరం లేదు. క్లాస్‌లో నాలుగు భాగాలు పెట్టండి: కన్‌స్ట్రక్టర్, ఇనిట్, డూగెట్ (గెట్ రిక్వెస్టుకు జవాబిచ్చేది), డిస్ట్రాయ్. నాలుగింటిలోనూ ఒక్కో ప్రింట్ లైన్ రాయండి. అందులో మూడు విషయాలు కనిపించాలి: ఏ మెథడ్ నడుస్తోంది, ఏ త్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని దారం) దాన్ని నడుపుతోంది, ఈ ఆబ్జెక్ట్ ఐడెంటిటీ హ్యాష్‌కోడ్ (ఆబ్జెక్ట్‌ను గుర్తుపట్టడానికి వాడే సంఖ్య) ఎంత.

రాసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఇనిట్‌కు రెండు రూపాలున్నాయి. పారామీటర్ లేనిదే వాడండి. కాన్ఫిగ్ తీసుకునేదాన్ని ఓవర్‌రైడ్ చేసి అందులో సూపర్ పిలవడం మరిచిపోతే, తర్వాత ఎక్కడో సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ అడిగినప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది. అది అసలు కారణానికి చాలా దూరంగా పేలుతుంది, వెతకడం కష్టం.

సర్వీస్ మెథడ్‌ను ముట్టుకోవద్దు. రిక్వెస్ట్ గెట్టా, పోస్టా అని చూసి డూగెట్‌కో డూపోస్ట్‌కో పంపేది అదే. దాన్ని మీరు తిరగరాస్తే ఆ పంపకం కూడా మీ నెత్తినే పడుతుంది.

ఐడీఈ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) తయారుచేసి ఇచ్చే డూగెట్‌లో సూపర్ డాట్ డూగెట్ అని ఒక లైన్ ఉంటే తీసేయండి. మాతృ క్లాస్‌లోని డూగెట్ చేసే పని ఒక్కటే, 405 (ఈ పద్ధతి కుదరదు) ఎర్రర్ పంపడం.

రెస్పాన్స్‌లో తెలుగు రావాలంటే, రైటర్ తీసుకోకముందే కంటెంట్ టైప్‌లో యూటీఎఫ్-8 అని చెప్పడం మంచిది. చెప్పకపోతే టామ్‌క్యాట్ 9 దాకా కంటైనర్ ఐఎస్ఓ-8859-1 అనుకునేది, మన అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వరుసకట్టేవి; టామ్‌క్యాట్ 10 నుంచి దాని సెట్టింగుల ఫైలులో డిఫాల్ట్‌గానే యూటీఎఫ్-8 ఉంటుంది. పోస్ట్ ఫారం నుంచి తెలుగు చదవాలంటే, మొదటి పారామీటర్ అడగకముందే రిక్వెస్టుకు కూడా యూటీఎఫ్-8 సెట్ చేయడం మంచిది. తర్వాత చేస్తే ఫలితం ఉండదు.

3. కంపైల్ చేసి టామ్‌క్యాట్‌లో పెట్టండి

టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లోని సర్వ్‌లెట్-ఏపీఐ జార్‌ను క్లాస్‌పాత్‌లో ఇచ్చి కంపైల్ చేయండి. వెబ్‌యాప్స్‌లో డెమో అనే ఫోల్డర్, అందులో వెబ్-ఇన్ఫ్, అందులో క్లాసెస్ తయారుచేసి, ప్యాకేజీ ఫోల్డర్‌తో సహా క్లాస్ ఫైలును అక్కడ పెట్టండి. బిన్ ఫోల్డర్‌లోకి వెళ్లి "క్యాటలినా రన్" అని ఇవ్వండి. స్టార్టప్ స్క్రిప్టు కన్నా ఇదే మేలు, ప్రింట్లన్నీ అదే విండోలో కనిపిస్తాయి.

4. పుట్టుకను గమనించండి

సర్వర్ లేచింది, కానీ మన ప్రింట్లు ఒక్కటీ లేవు. ఇప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 పోర్టులో డెమో/హలో తెరవండి. కన్‌స్ట్రక్టర్, ఇనిట్, డూగెట్ వరసగా వస్తాయి. అంటే మొదటి రిక్వెస్ట్ వచ్చేదాకా సర్వ్‌లెట్ పుట్టనే లేదు. రిఫ్రెష్ కొడితే డూగెట్ ఒక్కటే వస్తుంది. పదిసార్లు కొట్టినా అంతే. హ్యాష్‌కోడ్ మారదు, త్రెడ్ పేరు చివరి అంకె మాత్రం మారుతూ ఉంటుంది. ఆబ్జెక్ట్ ఒకటి, త్రెడ్లు అనేకం. టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా 200 త్రెడ్ల దాకా వాడుకుంటుంది.

డేటాబేస్ కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) తయారుచేయడం లాంటి బరువైన పని ఇనిట్‌లో ఉంటే, పాపం మొదట వచ్చిన యూజర్ అదంతా అయ్యేదాకా ఆగాలి. అలాంటప్పుడు యానొటేషన్‌లో లోడ్ఆన్‌స్టార్టప్ విలువ 1 ఇవ్వండి. సర్వర్‌ను మళ్లీ లేపి చూస్తే, బ్రౌజర్ తెరవకముందే కన్‌స్ట్రక్టర్, ఇనిట్ ప్రింట్లు వచ్చేస్తాయి. ఇనిట్‌లో ఎక్సెప్షన్ వస్తే ఆ ఆబ్జెక్ట్ సేవలోకి రాదు. దానికి డిస్ట్రాయ్ కూడా పిలవరు.

5. ఒకరి డేటా ఇంకొకరికి వెళ్లడం చూడండి

ఇది మాత్రం దాటేయకండి. క్లాస్‌లో పేరు అనే స్ట్రింగ్ ఫీల్డ్ పెట్టండి. డూగెట్‌లో రిక్వెస్ట్ నుంచి వచ్చిన పేరును ఆ ఫీల్డ్‌లో దాచి, త్రెడ్‌ను పది సెకన్లు నిద్రపుచ్చి, తర్వాత ఆ ఫీల్డ్‌లో ఉన్నదాన్ని పేజీలో రాయండి. ఒక బ్రౌజర్‌లో పేరు=రాము అని తెరవండి. మూడు సెకన్లాగి వేరే బ్రౌజర్‌లో పేరు=సీత అని తెరవండి. రాము పేజీలో కూడా సీత అని వస్తుంది.

రాము త్రెడ్ నిద్రలో ఉండగా సీత త్రెడ్ అదే ఆబ్జెక్ట్‌లోని అదే ఫీల్డ్‌ను మార్చేసింది. సర్వ్‌లెట్ ఫీల్డ్ అంటే ఊరి రచ్చబండ, ఎవరైనా వచ్చి కూర్చుంటారు. ఇక్కడ పేరే కాబట్టి నవ్వుకుంటాం. అదే బ్యాంకు బ్యాలెన్స్ అయితే? పైగా మీ లాప్‌టాప్‌లో ఒక్కరే టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, రద్దీ పెరిగాకే బయటపడుతుంది.

పేరును ఫీల్డ్ నుంచి తీసి డూగెట్ లోపల లోకల్ వేరియబుల్‌గా పెట్టండి. లోకల్ వేరియబుల్స్ ఏ త్రెడ్‌వి ఆ త్రెడ్‌కే ఉంటాయి. అదే ప్రయోగం మళ్లీ చేస్తే రాముకు రాము, సీతకు సీత వస్తాయి. ఒక యూజర్‌కు చెందినది కొన్ని రిక్వెస్టుల పాటు నిలవాలంటే సెషన్‌లో (ఒక్కో యూజర్‌కు సర్వర్ విడిగా ఉంచే నిల్వలో) పెట్టండి. అందరికీ ఉమ్మడిగా హిట్ కౌంటర్ కావాలంటే అటామిక్ఇంటీజర్ వాడండి, మామూలు ఇంట్‌కు ప్లస్‌ప్లస్ కొడితే లెక్క తప్పుతుంది. మెథడ్ మొత్తానికి సింక్రనైజ్డ్ తగిలించడం నాకు నచ్చని పరిష్కారం. తప్పు పోతుంది, కానీ జనమంతా ఒక్కొక్కరుగా క్యూ కట్టాల్సి వస్తుంది.

రిక్వెస్ట్, రెస్పాన్స్ ఆబ్జెక్టులనైతే అసలే ఫీల్డ్‌లో దాచకండి. పని అయ్యాక టామ్‌క్యాట్ వాటిని తుడిచి ఇంకో రిక్వెస్టుకు వాడుకుంటుంది.

6. ఆపి చూడండి

కంట్రోల్-సి కొట్టండి. డిస్ట్రాయ్ ప్రింట్ వస్తుంది. ఇనిట్‌లో తెరిచిన కనెక్షన్లు, మొదలుపెట్టిన సొంత త్రెడ్లు ఇక్కడ మూసేయాలి. నడుస్తున్న రిక్వెస్టులు ముగిసేదాకా కంటైనర్ కాస్త ఆగుతుంది గానీ, టామ్‌క్యాట్‌లో ఆ ఓపిక డిఫాల్ట్‌గా రెండు సెకన్లే. లైనక్స్‌లో కిల్ -9 (ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపే ఆదేశం) కొడితే ఆ మాత్రం కూడా ఉండదు, డిస్ట్రాయ్ నడవనే నడవదు. అందుకే పోతే కొంప మునిగే డేటాను డిస్ట్రాయ్‌లో సేవ్ చేద్దామని ఆపుకోకండి, ఎప్పటికప్పుడు రాసేయండి.

7. స్ప్రింగ్ బూట్‌లోనూ ఇదే వెతకండి

ఇప్పుడెవరు సర్వ్‌లెట్లు రాస్తున్నారు అంటారా? స్ప్రింగ్ ఎంవీసీ (జావా వెబ్ యాప్‌ల ఫ్రేమ్‌వర్క్; స్ప్రింగ్ బూట్ వాడేది ఇదే) యాప్ మొత్తం డిస్పాచర్‌సర్వ్‌లెట్ అనే ఒక్క సర్వ్‌లెట్ వెనక నడుస్తుంది. యాప్ లేచాక మొదటి రిక్వెస్ట్ పంపి లాగ్ చూడండి, దాన్ని ఇనిషియలైజ్ చేస్తున్నట్టు అప్పుడు ఒక లైన్ వస్తుంది. నాలుగో అడుగులో చూసింది అదే. ముందే లేవాలంటే ప్రాపర్టీస్ ఫైలులో స్ప్రింగ్ డాట్ ఎంవీసీ డాట్ సర్వ్‌లెట్ డాట్ లోడ్-ఆన్-స్టార్టప్ విలువ 1 ఇవ్వండి. కంట్రోలర్లు (స్ప్రింగ్‌లో రిక్వెస్టులకు జవాబిచ్చే క్లాసులు) కూడా మామూలుగా ఒక్కో ఆబ్జెక్టే కాబట్టి, మీ ప్రాజెక్టులో కంట్రోలర్ క్లాసులు తెరిచి, యూజర్ డేటా దాచుకున్న ఫీల్డ్ ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి.