రాత్రి బతుకమ్మ ఫోటోలకు ఐఎస్‌ఓ పెంచే ముందు

• ముందు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరవండి. అప్పటికీ వెలుతురు చాలకపోతేనే ఐఎస్‌ఓ (ఫోటోను కెమెరా ఎంత వెలిగించి చూపాలో చెప్పే అంకె) పెంచండి.

• షట్టర్ వేగం 1/250 సెకను దగ్గర ఉంచండి. గ్రెయిన్‌ను (ఫోటోలో కనిపించే సన్నటి మచ్చల్ని) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన చేతుల్ని ఎవరూ బాగుచేయలేరు. ఎల్‌ఈడీ లైట్ల కింద ఫ్రేములో అడ్డచారలు కనిపిస్తే మాత్రం 1/100కి దించి, చప్పట్లో చేతులు కలిసి ఆగే క్షణానికే నొక్కండి.

• ఆటో ఐఎస్‌ఓకు 6400 హద్దు పెట్టండి, రా ఫార్మాట్‌లో (తర్వాత దిద్దుకోవడానికి వీలైన ముడి ఫైల్‌గా) తీయండి.

• భయపడి ఐఎస్‌ఓ తగ్గించి చీకటిగా తీయకండి. మచ్చలకు అసలు కారణం సెన్సర్‌కు చేరే వెలుతురు తక్కువవడమే. జేపెగ్‌లో (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫోటో ఫైల్‌లో) తర్వాత వెలుగు పెంచితే అవి ఇంకా విరుచుకుపడతాయి.

• ఒక ఫోటో తీసి 100 శాతం జూమ్‌లో పట్టుచీర మడతల నీడ చూడండి. ఎర్ర, నీలి చుక్కలు అక్కడే ముందు బయటపడతాయి. తంగేడు పూల పసుపు తెల్లబోతే ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించండి.

• అయిపోయాక ఐఎస్‌ఓ 100కి మార్చండి.