ఘనాలో వేరు కుంపటి పార్టీ మీద సెమినార్ పడిందా? ఇలా రాయండి (సిరొంచ, అహేరి సైడ్ పిల్లలకి)

ఎంఏ పొలిటికల్ సైన్స్‌లో ఆఫ్రికా టాపిక్ వస్తే మనోళ్లు ఏం చేస్తారంటే, గూగుల్‌లో పార్టీ పేరు కొట్టి ఓట్ల శాతం ఎత్తి రాసి "చిన్న పార్టీ, ప్రభావం లేదు" అని ముగించేస్తారు. అది ఎందుకు చిన్నగానే మిగిలిపోయిందో రాయాలి కదా, అసలు సెమినార్ అంటే అదే.

ముందు తల్లి పార్టీ సంగతి చూడండి. అప్పట్లో ఘనాని ఏలుతున్న జెర్రీ రాలింగ్స్ 1992లో పెట్టిన ఎన్‌డీసీ (నేషనల్ డెమొక్రటిక్ కాంగ్రెస్), గుర్తు గొడుగు. తర్వాత ఎవరికి దేని మీద కోపమొచ్చిందో చూడండి, సిద్ధాంతాలు తర్వాత చూసుకోవచ్చు, అవి మ్యానిఫెస్టోలో ఎలాగూ బాగానే ఉంటాయి. 1998లో స్వెడ్రూ అనే ఊళ్లో రాలింగ్స్ "నా తర్వాత మిల్స్" అనేశాడు (మిల్స్ అంటే అప్పటి వైస్ ప్రెసిడెంట్), పోటీ లేదు ఏం లేదు, దాంతో మండి పార్టీలోని గూసీ టానో వాళ్లు బయటికొచ్చి నేషనల్ రిఫార్మ్ పార్టీ పెట్టారు. 2006లో ఎన్‌డీసీ నాయకుడే అయిన ఒబెడ్ అసమోవా ఇంకోటి పెట్టాడు. ఆఖరికి రాలింగ్స్ భార్య నానా కొనడు కూడా అంతే, 2011లో సున్యానిలో ప్రెసిడెంట్‌గా ఉన్న మిల్స్ మీదే పార్టీ లోపల నిలబడితే 3 శాతం వచ్చింది, మరుసటేడు ఎన్‌డీపీ (నేషనల్ డెమొక్రటిక్ పార్టీ) అని సొంత పార్టీ. 2012 ప్రెసిడెంట్ ఎన్నికల్లో పేపర్లు సరిగ్గా లేవని నామినేషనే పోయింది, 2016లో పోటీ చేస్తే 0.16 శాతం.

ఇప్పుడు అసలు పాయింట్. మన మహారాష్ట్రలో ఎన్‌సీపీ చీలాక, అహేరి సీట్లోనే 2024లో తండ్రి ధర్మరావు బాబా ఆత్రం అజిత్ పవార్ వర్గం గడియారం గుర్తు మీద, కూతురు భాగ్యశ్రీ శరద్ పవార్ వర్గం తుతారీ (బాకా ఊదే మనిషి) మీద నిలబడ్డారు గుర్తుందా? ఇక్కడ బయటికెళ్లిన అజిత్ పవార్ వాళ్లు ఎమ్మెల్యేల్ని తీసుకెళ్లారు, చివరికి పార్టీ పేరూ గుర్తూ కూడా వాళ్లకే వచ్చాయి. ఘనాలో పై ముగ్గురూ గొడుగు అక్కడే వదిలేసి చేతులూపుకుంటూ పోయారు. పైగా అక్కడి రాజ్యాంగం 97వ ఆర్టికల్ ప్రకారం గెలిచిన పార్టీ వదిలి ఇంకో దాంట్లోకి పోతే ఎంపీ సీటు ఊడుతుంది, ఇంక ఎవడొస్తాడు వెనకాల?

ఓట్ల దగ్గర ఒక జాగ్రత్త. 2000 ప్రెసిడెంట్ ఎన్నికల మొదటి రౌండ్‌లో టానోకి 1.2 శాతం, ఎన్‌డీసీ మిల్స్‌కి 44.5, ప్రత్యర్థి పార్టీ ఎన్‌పీపీ కుఫోర్‌కి 48.2. "రిఫార్మ్ పార్టీ వల్లే ఎన్‌డీసీ ఓడింది" అని రాసేవాళ్లుంటారు, కూడి చూడండి, టానో ఓట్లన్నీ కలిపినా మిల్స్ వెనకే. ఎవరికీ 50 దాటలేదు కాబట్టి రెండో రౌండ్ పెట్టారు, అందులో కుఫోర్ గెలిచాడు.

చివరి పేజీలో మనుషులు ఎక్కడ తేలారో రాయండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. టానో మళ్లీ ఎన్‌డీసీలోకే వచ్చి 2019లో ప్రెసిడెంట్ క్యాండిడేట్ అవ్వాలని పార్టీ లోపల పోటీ చేశాడు, జాన్ మహామా చేతిలో ఓడాడు. వైవాలో "మరి ఎందుకు చీలినట్టు?" అని అడిగితే 1998 స్వెడ్రూ దగ్గర్నుంచి మొదలెట్టండి.