చిప్ మీద చుక్క పాడైతే ఎక్కడ వెతకాలి: డెల్టా ల్యాబ్‌లో సమస్య - పరిష్కారం

క్యాన్సర్ మార్కర్లు అంటే క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ప్రోటీన్లు. వాటిని వెతికే చిప్ అంటే గాజు స్లైడ్ మీద ప్రింటర్ పిన్నుతో వరసగా నాటిన యాంటీబాడీ (ఎంచుకున్న మార్కర్‌ను పట్టుకునే ప్రోటీన్) చుక్కలు. స్లైడ్ 25 × 75 మిల్లీమీటర్లు, చుక్క వెడల్పు 100 - 200 మైక్రాన్లు. ఒక చుక్క పీఎస్ఏ అనే మార్కర్‌ను పడుతుంది, పక్కది సీఈఏని, ఇంకోటి సీఏ-125ని. సీరం (రక్తంలోని ద్రవభాగం), వెలిగే రంగు తగిలించిన గుర్తింపు యాంటీబాడీ వేస్తే, మార్కర్ దొరికిన చుక్క వెలుగుతుంది. అమలాపురం పక్కన మా చిన్న ల్యాబ్‌లో పారేసిన స్లైడ్లు తీసి చూస్తే, ఎక్కువ వాటిలో గొడవ నీళ్లదే. గాలిలో తేమో, కడిగిన నీళ్లో. అందుకే ముందు ఒక తేమ మీటరు కొనండి. దాన్ని గోడకు కాదు, ప్రింటర్ మూత లోపల పెట్టండి.

చుక్కలు ఉబ్బి పక్కవాటితో కలిసిపోతున్నాయి

వానాకాలం ఫిర్యాదు ఇది. బఫర్‌లో (యాంటీబాడీని కలిపే ద్రవంలో) గ్లిసరాల్ ఉంటే చుక్క ఆరదు సరికదా, గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ప్రింటర్ లోపల తేమ 50 - 60 శాతం మధ్య ఉండేలా చూడండి, గ్లిసరాల్ తగ్గించండి. కరెంటు పోయినప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ప్రింటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది, ఏసీ మాత్రం ఆగిపోతుంది. మీటరు 70 దాటిందంటే ప్రింటింగ్ ఆపేయండి.

ప్రింటింగ్ బాగానే వచ్చి మర్నాటికి చెడిందా? అయితే ఫ్రిజ్ దగ్గర వెతకండి. ఒక జూలైలో 4 డిగ్రీల్లో దాచిన ప్యాకెట్టు తీసి వెంటనే చించాను. స్లైడ్ చల్లటి సోడా బుడ్డిలా చెమర్చింది, నేను చూస్తుండగానే వరసలు అలుక్కుపోయాయి. అప్పటినుంచి ప్యాకెట్టు సీలు విప్పకుండా గంటసేపు బల్ల మీద ఉంచుతున్నాం. కవరు పైన చెమ్మ పూర్తిగా ఆరాకే కత్తెర. లోపలి సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే దాని పని అయిపోయినట్టే.

చుక్క మధ్యలో ఖాళీ, చుట్టూ ఉంగరం

ఇది వడగాల్పుల రోజుల్లోనూ, ఏసీ గాలి నేరుగా స్లైడ్‌కు తగిలేచోటా వస్తుంది. బల్ల మీద ఒలికిన కాఫీ మరక చూడండి, అంచే ముదురుగా ఉంటుంది. చుక్క అంచు త్వరగా ఆరుతుంది కాబట్టి లోపలి ద్రవం అటు పారుతూ ప్రోటీన్‌నీ మోసుకుపోతుంది. గాలి దారి మళ్లించండి, బఫర్‌లో ట్రెహలోజ్ అనే చక్కెర కొద్దిగా కలపండి.

ప్రింట్ అయ్యాక రాత్రంతా తేమ డబ్బాలో ఉంచాలి. దానికి మెషీన్ అక్కర్లేదు. గాలి చొరబడని డబ్బాలో అడుగున తడి ఉప్పు ముద్ద పెట్టి, స్లైడ్లు దానికి తగలకుండా పైన స్టాండులో ఉంచి, మూత బిగిస్తే లోపల తేమ దాదాపు 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు నిజం చెబుతోందో లేదో కూడా ఆ డబ్బాలోనే పెట్టి చూసుకోవచ్చు. వంటింటి రాళ్ల ఉప్పు మాత్రం వద్దు. అందులోని మెగ్నీషియం లవణాల వల్ల లెక్క తప్పుతుంది. ల్యాబ్ సోడియం క్లోరైడే వాడండి.

కొన్ని చోట్ల చుక్కే పడలేదు

పిన్ను మూసుకుపోయింది. సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో) కడిగి, మైక్రోస్కోప్ కింద మొన చూసి, ముందు రంగు కలిపిన బఫర్‌తో ఒక పాత స్లైడ్ కొట్టండి.

చుక్కలున్నాయి, వెలగడం లేదు

యాంటీబాడీ సీసా లేబుల్ చదవండి. ఎపాక్సీ, ఆల్డిహైడ్ పూత ఉన్న స్లైడ్లు ప్రోటీన్‌లోని అమైన్లను (నైట్రోజన్ ఉన్న గుంపులను) పట్టుకుంటాయి. సీసాలో ట్రిస్ (అమైన్ ఉన్న బఫర్) గానీ, నిల్వ కోసం కలిపిన బీఎస్ఏ (ఆవు రక్తపు ప్రోటీన్) గానీ ఉంటే అవే ముందు సీట్లు ఆక్రమిస్తాయి. బీఎస్ఏ లేని యాంటీబాడీ తెప్పించుకోండి, ట్రిస్ ఉంటే పీబీఎస్‌లోకి (అమైన్ లేని ఫాస్ఫేట్ బఫర్‌లోకి) మార్చుకోండి. వెలిగే రంగుల్లో ఎరుపు సై5 మాత్రమే మసకబారి, సై3 బాగుంటే గాలిలోని ఓజోన్‌ని అనుమానించండి.

తోకలు, చారలు

చుక్కకు తోకచుక్కలా తోక వస్తే, అతుక్కోని యాంటీబాడీ కడిగేటప్పుడు ఒక వైపు జారిందని అర్థం. స్లైడ్‌ను బ్లాకింగ్ ద్రవంలో (స్లైడ్ మీద ఖాళీ చోట్లను మూసే ద్రవంలో) నెమ్మదిగా దించొద్దు, ఒక్కసారిగా ముంచి వెంటనే కదపండి.

స్లైడ్ అంతటా తెల్లచారలైతే నీళ్లే కారణం. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయికి వచ్చే నీళ్లు మారతాయి, కొన్నిచోట్ల ఉప్పు బోరే దిక్కు. నీళ్లలో లవణాలు తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ చెప్పిన గడువుకంటే ముందే చేతులెత్తేస్తుంది. తేదీని నమ్మకుండా కండక్టివిటీ మీటరు పెట్టి చూడండి. ఆఖరి కడుగు అయ్యాక గాలికి ఆరనివ్వకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేయండి.

వెలగకూడనిది వెలిగింది

మా ల్యాబ్‌లో ఒకావిడ సరదాకి తన సీరమే పెట్టి చూసుకుంది. సీఏ-125 చుక్క వెలిగేసరికి ఆమెకు ఒకటే టెన్షన్. పక్కనే ఉన్న ఉత్త ఎలుక ఐజీజీ (ఏ మార్కర్‌నూ పట్టని ఎలుక యాంటీబాడీ) కంట్రోల్ చుక్క కూడా అంతే వెలుగుతోందని తర్వాత గమనించాం. కొందరి రక్తంలో ఎలుక యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీలుంటాయి. మార్కర్ లేకపోయినా అవే చుక్కలోని ఎలుక యాంటీబాడీకీ, గుర్తింపు యాంటీబాడీకీ మధ్య వంతెన కడతాయి. సీరాన్ని పలచన చేసే బఫర్‌లో ఎలుక ఐజీజీ కలిపి మళ్లీ చేస్తే రెండు చుక్కలూ ఆరిపోయాయి. నిజంగా వెలిగినా అది రోగ నిర్ధారణ కాదు. ఎండోమెట్రియోసిస్‌లోనూ, నెలసరిలోనూ సీఏ-125 పెరుగుతుంది.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. మార్కర్ మరీ ఎక్కువై, సీరం, గుర్తింపు యాంటీబాడీ ఒకేసారి వేస్తే చుక్క వెలుగు తగ్గి కనిపిస్తుంది. అందుకే ప్రతి సీరాన్నీ 10 రెట్లు, 100 రెట్లు పలచన చేసి రెండూ నడుపుతున్నాం. పలచనది ఎక్కువ వెలిగితే మొదటి రీడింగు కొట్టేస్తాం.