అరిజోనా ఈఎస్‌ఏ: వెండర్‌కు చెల్లించే ముందు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో 2022 నుంచి బడి ఈడు పిల్లలందరికీ ఈఎస్‌ఏ (ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్: పిల్లల చదువు ఖర్చులకు ప్రభుత్వం డబ్బు వేసే ఖాతా) వర్తిస్తోంది. చెల్లింపులు క్లాస్‌వాలెట్ అనే ఆన్‌లైన్ వేదికలో జరుగుతాయి. ముందు అందులో వెండర్ (మీరు డబ్బు కట్టాల్సిన బడి, ట్యూటర్ లేదా దుకాణం) పేరు వెతకండి. దొరికితే ఇన్‌వాయిస్ జతచేసి నేరుగా చెల్లించవచ్చు. లేకపోతే నమోదు చేసుకోమని వెండర్‌నే అడగండి, లేదా సొంత డబ్బుతో కట్టి, దాన్ని ఈఎస్‌ఏ నుంచి తిరిగి ఇవ్వమని (రీయింబర్స్‌మెంట్) కోరండి. ఆ కోరికను తిరస్కరిస్తే ఖర్చు భారం మీదే.

ఇన్‌వాయిస్‌లో విద్యార్థి పేరు, ఏం నేర్పారు, తేదీలు, మొత్తం సొమ్ము విడివిడిగా ఉండాలి. ఉత్తినే ‘ఫీజు’ అని రాస్తే వెనక్కి రావచ్చు. ట్యూటరైతే అర్హత పత్రం ముందే తీసుకోండి.

చాలామంది బోల్తా పడేది ఒకచోట: వెండర్ జాబితాలో ఉన్నంత మాత్రాన అక్కడ అమ్మే ప్రతిదీ చెల్లదు. కొనే వస్తువు కూడా ఈఎస్‌ఏ అనుమతించేదై ఉండాలి. అన్నట్టు, ఈఎస్‌ఏ తీసుకుంటూ ప్రభుత్వ బడిలో పూర్తికాల విద్యార్థిగా కొనసాగడం కుదరదు.