సొంత లాంగ్వేజ్‌కి వీఎం రాస్తున్నారా? ఆప్‌కోడ్ల కంటే ముందు వాల్యూ సంగతి తేల్చుకోండి

కోడ్‌ని ముక్కలు చేసే లెక్సర్ అయిపోయింది, ఆ ముక్కల్ని అర్థం చేసుకునే పార్సర్ కూడా పని చేస్తోంది, ఇక సొంత లాంగ్వేజ్‌కి దాన్ని నడిపే వర్చువల్ మెషిన్ (వీఎం) రాద్దామని కూర్చున్నారనుకోండి. ఇక్కడ చాలామంది ముందు ఆప్‌కోడ్ల (ఆ మెషిన్‌కి ఇచ్చే ఆదేశాల) లిస్ట్ రాస్తారు, యాడ్, సబ్‌ట్రాక్ట్, జంప్, కాల్ అంటూ. నేనూ అలాగే మొదలుపెట్టా. కానీ ఆప్‌కోడ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మహా అయితే ఒక పూట పని. తర్వాత మార్చాలంటే చుక్కలు కనిపించేవి వాటి కింద ఉండే డేటా స్ట్రక్చర్లు, అందులోనూ ముఖ్యంగా ఒకటి, వాల్యూ. దాని సంగతి తేల్చుకున్నాకే మిగతా వాటి జోలికి వెళ్లండి. సి లో రాస్తున్నారనుకునే చెప్తున్నా, రస్ట్‌లో రాసినా లెక్కలు దాదాపు ఇవే.

వాల్యూ అంటే ఏంటంటే, మన లాంగ్వేజ్ డైనమిక్ టైపింగ్‌ది అయితే ఒకే వేరియబుల్‌లో ఇప్పుడు 5 ఉంటుంది, కాసేపాగితే ఒక స్ట్రింగ్ ఉంటుంది, ఇంకాసేపటికి నిల్ ఉంటుంది. సి కి మాత్రం ఒక ఫిక్స్‌డ్ సైజ్ టైప్ కావాలి. అన్నిటినీ పట్టే ఆ ఒక్క డబ్బా పేరే వాల్యూ. వీఎం స్టాక్ అంటే వాల్యూల వరుస, కాన్‌స్టంట్ల పూల్ అంటే వాల్యూల వరుస, టేబుల్లో కీ కూడా వాల్యూనే దాని పక్కన ఉండేదీ వాల్యూనే. అంటే ఈ ఒక్కదాని సైజ్ ఎంతైతే అది వీఎం మొత్తం మీద గుణింతం అయిపోతుంది.

సింపుల్‌గా చేసే పద్ధతి ట్యాగ్ పెట్టిన యూనియన్. ఒక స్ట్రక్ట్, అందులో ఇది ఏ టైపో చెప్పే ఒక ట్యాగ్, పక్కనే ఒక యూనియన్, ఆ యూనియన్‌లో బూలియన్, డబుల్, హీప్‌లో (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీలో) ఉన్న ఆబ్జెక్ట్‌కి పాయింటర్. ట్యాగ్‌కి 1 బైట్ చాలు, డబుల్‌కి 8 బైట్లు, మొత్తం 9 అనుకుంటాం కదా, కాదు, డబుల్ 8 బైట్ల హద్దు మీద కూర్చోవాలి కాబట్టి మధ్యలో 7 బైట్ల ప్యాడింగ్ వచ్చి 16 అవుతుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒకేసారి తెచ్చుకునే 64 బైట్ల క్యాష్ లైన్‌లో అలాంటివి 4 పడతాయి. లువా లాంగ్వేజ్ చేసేది ఇదే పద్ధతి, నంబర్లు, బూలియన్లు, నిల్ డబ్బాలోనే ఉంటాయి, స్ట్రింగులు, టేబుళ్లు, ఫంక్షన్లు హీప్‌లో ఉంటే డబ్బాలో వాటి అడ్రస్ ఉంటుంది.

దీనికి పూర్తిగా వేరే దారి సీపైథాన్‌ది, అంటే మనం మామూలుగా వాడే పైథాన్‌ది. అక్కడ 5 అనే చిన్న నంబర్ కూడా హీప్ ఆబ్జెక్టే, 64 బిట్ మెషిన్‌లో 28 బైట్లు, అందులో 8 రిఫరెన్స్ కౌంట్‌కి (దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారో లెక్క), 8 టైప్ పాయింటర్‌కి పోతాయి. అందుకే వాళ్లు -5 నుంచి 256 వరకు నంబర్లని ముందే తయారుచేసి పెట్టుకుంటారు, మళ్లీ మళ్లీ అలొకేట్ చేయకుండా. కొత్తగా మొదలుపెట్టే లాంగ్వేజ్‌కి ఈ దారి వద్దనే చెప్తా, 10 లక్షల సార్లు తిరిగే లూప్‌లో ప్రతి కూడికకీ ఒక అలొకేషన్ అంటే ఎంత ఆప్టిమైజ్ చేసినా ఆ బరువు దిగదు.

మూడో దారి నాన్ (NaN) బాక్సింగ్, నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం. డబుల్‌లో 64 బిట్లు, సైన్‌కి 1, ఎక్స్‌పోనెంట్‌కి 11, మాంటిస్సాకి 52. ఎక్స్‌పోనెంట్ బిట్లన్నీ 1 అయ్యి, మాంటిస్సా సున్నా కాకపోతే అది నాన్, అంటే నంబర్ కానిది. మాంటిస్సాలో పై బిట్ 1 అయితే క్వైట్ నాన్. మిగతా 51 బిట్లలో ఏమున్నా అది నానే, హార్డ్‌వేర్ పట్టించుకోదు. మామూలు 64 బిట్ మెషిన్లలో పాయింటర్‌కి 48 బిట్లు సరిపోతున్నాయి. అంటే ఆ ఖాళీ జాగాలో పాయింటర్ దర్జాగా పడుతుంది! సైన్ బిట్ 1 అయితే పాయింటర్ అనుకుందాం, 0 అయితే చివరి బిట్లలో 1 నిల్, 2 ఫాల్స్, 3 ట్రూ. నాన్ నమూనాకి సరిపోనిది ఏదైనా మామూలు డబుల్. మొత్తం వాల్యూ 8 బైట్లలో అయిపోయింది, క్యాష్ లైన్‌కి 8 పడతాయి. లువాని వేగంగా నడిపే లువాజిట్, ఫైర్‌ఫాక్స్‌లోని స్పైడర్‌మంకీ, సఫారీలోని జావాస్క్రిప్ట్‌కోర్ లోపల వాడేది ఈ ఐడియానే.

ఇక్కడ ఒక చోట జాగ్రత్త. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో 0 ని 0 తో భాగిస్తే వచ్చే అసలు నాన్‌కి సైన్ బిట్ 1 ఉంటుంది. మీరు ఒక్క క్వైట్ బిట్ మాత్రమే చూసి పాయింటర్ అని నిర్ణయిస్తే ఆ నాన్ కాస్తా సున్నా అడ్రస్‌కి పాయింటర్‌లా కనిపిస్తుంది, ప్రోగ్రామ్ క్రాష్. అందుకే మన నమూనాలో క్వైట్ బిట్ పక్కనున్న తర్వాతి బిట్ కూడా 1 చేసి పెట్టుకోవాలి, అసలు నాన్‌లో అది 0 కాబట్టి రెండూ కలవవు. అయినా ఇంకా 50 బిట్లు మిగులుతాయి, సరిపోతాయి.

మరి అందరూ ఇదే ఎందుకు చేయరంటే, పూర్తి 64 బిట్ల ఇంటిజర్ ఇందులో పట్టదు. డబుల్‌లో పూర్ణాంకాలు 9007199254740992 వరకే తేడా లేకుండా ఉంటాయి, అంటే 2 కి 53వ ఘాతం. 2015లో వచ్చిన లువా 5.3 లో 64 బిట్ల ఇంటిజర్లు వేరే రకంగా చేర్చారు, అలాంటివి కావాలంటే ట్యాగ్ యూనియన్‌తోనే ఉండాలి. ఇంకో రకం కూడా ఉంది, హీప్ అడ్రస్‌లు 8 బైట్ల హద్దు మీదే వస్తాయి కాబట్టి కింది 3 బిట్లు ఎప్పుడూ సున్నాలే, వాటిలో ట్యాగ్ పెట్టుకోవడం. ఓకామెల్‌లో ఇంటిజర్ 63 బిట్లే ఉండడానికి కారణం ఇదే, ఒక బిట్ ట్యాగ్‌కి పోయింది.

నా సలహా, మొదట ట్యాగ్ యూనియన్‌తోనే కట్టండి, డీబగర్‌లో చూస్తే ఏముందో కంటికి కనిపిస్తుంది. కానీ ఒక నియమం పెట్టుకోండి, స్ట్రక్ట్ లోపలి ఫీల్డ్‌ని ఎక్కడా నేరుగా ముట్టుకోకూడదు. ఇది నంబరా, నంబర్ తీయి, నంబర్‌ని వాల్యూ చేయి, ఇలా ప్రతి టైప్‌కి మూడు చిన్న మాక్రోలు రాసి వాటి ద్వారానే వెళ్లండి. అప్పుడు రేపు నాన్ బాక్సింగ్‌కి మారాలంటే ఒక్క హెడర్ ఫైల్ మారిస్తే చాలు. అలాగే రెండు వాల్యూలు సమానమా అని చూడ్డానికి స్ట్రక్ట్ మొత్తాన్ని మెమ్‌సీఎంపీతో (బైట్ బైట్ పోల్చే సి ఫంక్షన్‌తో) పోల్చకండి, ఆ 7 బైట్ల ప్యాడింగ్‌లో చెత్త ఉంటుంది, సమానమైనవి కూడా వేరని చెప్తుంది.

తర్వాత హీప్ ఆబ్జెక్ట్‌లు. స్ట్రింగైనా ఫంక్షనైనా ప్రతి స్ట్రక్ట్‌లో మొదటి ఫీల్డ్ ఒకే హెడర్ అవ్వాలి, అందులో టైప్, అక్కర్లేని ఆబ్జెక్ట్‌లని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ కోసం మార్క్ బిట్ (ఇంకా వాడుకలో ఉందన్న గుర్తు), తర్వాతి ఆబ్జెక్ట్‌కి పాయింటర్. మొదటి ఫీల్డే ఎందుకంటే స్ట్రక్ట్ అడ్రస్, దాని మొదటి ఫీల్డ్ అడ్రస్ ఒకటేనని సి గ్యారంటీ ఇస్తుంది, కాబట్టి అటూ ఇటూ క్యాస్ట్ చేసుకోవచ్చు.

స్ట్రింగ్ దగ్గర కాస్త ఆగాలి, మన తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో కోణం ఉంది. స్ట్రింగ్ ఆబ్జెక్ట్‌లో లెంగ్త్, ముందే లెక్కేసి పెట్టుకున్న హ్యాష్ (బైట్ల నుంచి వచ్చే ఒక నంబర్), తర్వాత బైట్లు ఉండాలి. ఒకే అక్షరాలున్న స్ట్రింగ్ వీఎం మొత్తంలో ఒక్కటే ఉండేలా ఇంటర్న్ చేయండి, అప్పుడు రెండు స్ట్రింగులు ఒకటేనా అంటే పాయింటర్లు పోలిస్తే చాలు, వేరియబుల్ పేర్లు వెతకడం ఎంత ఫాస్ట్ అవుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. లెంగ్త్ అంటే ఏంటో మాత్రం ముందే తేల్చుకోండి. "తెలుగు" అనే మాట తీసుకోండి, కంటికి 3 అక్షరాలు, యూనికోడ్ కోడ్ పాయింట్లు 6, యూటీఎఫ్-8 లో 18 బైట్లు. ఇంగ్లీష్‌తో మాత్రమే టెస్ట్ చేస్తే ఈ మూడూ ఒకటే అనిపిస్తాయి, అక్కడే దెబ్బ తింటాం. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్‌లో అన్నిటికంటే పెద్ద కోడ్ పాయింట్‌ని బట్టి ఒక్కోదానికి 1, 2 లేదా 4 బైట్లు ఇస్తుంది, తెలుగుకి 2 సరిపోతాయి కానీ ఒక్క ఎమోజీ తగిలిస్తే ఆ స్ట్రింగ్ అంతా 4 కి పోతుంది. లువా 5.2.1 నుంచి 40 బైట్ల వరకే ఇంటర్న్ చేస్తోంది, తెలుగులో అంటే 13 కోడ్ పాయింట్లే. నేనైతే లోపల యూటీఎఫ్-8 పెట్టి, లెంగ్త్ అంటే బైట్లే అని ఖాయం చేసి, అక్షరాల లెక్కకి విడిగా ఒక ఫంక్షన్ ఇస్తా.

ఇంటర్న్ చేయాలన్నా, గ్లోబల్స్ దాచాలన్నా హ్యాష్ టేబుల్ కావాలి. మొదటిసారికి ఓపెన్ అడ్రసింగ్, లీనియర్ ప్రోబింగ్ చాలు, అంటే గది నిండి ఉంటే వరుసగా పక్క గదులు చూసుకుంటూ పోవడం, సైజ్ ఎప్పుడూ 2 ఘాతమే పెట్టండి, 8, 16, 32 ఇలా, అప్పుడు భాగహారం బదులు ఒక్క బిట్ మాస్క్‌తో గది నంబర్ వచ్చేస్తుంది. హ్యాష్‌కి ఎఫ్‌ఎన్‌వీ-1ఏ తో మొదలుపెట్టండి, 2166136261 తో మొదలై ప్రతి బైట్‌నీ ఎక్సార్ చేసి 16777619 తో గుణించడమే. బయటివాళ్లు పంపే డేటాని కీలుగా వాడే సర్వర్ లాంటిది రాయాలంటే మాత్రం ఇది చాలదు, కావాలని ఒకే గదికి పోయే కీలు పంపి ఆపేయగలరు, పైథాన్ 3.4 లో సిప్‌హ్యాష్‌కి మారింది అందుకే.

అందరూ తప్పు చేసేది డిలీట్ దగ్గర. 8 గదుల టేబుల్ ఉంది, వేప, మామిడి, చింత మూడింటికీ హ్యాష్ 3వ గదే వచ్చిందనుకోండి, అవి వరుసగా 3, 4, 5 గదుల్లో కూర్చుంటాయి. ఇప్పుడు మామిడిని తీసేసి 4వ గది ఖాళీ చేశారు. తర్వాత చింత కోసం వెతికితే 3 లో వేప ఉంది, 4 ఖాళీగా ఉంది, ఖాళీ కనిపిస్తే ఇక లేనట్టే కదా, ఆగిపోతాం. చింత 5 లో భేషుగ్గా ఉన్నా లేదని చెప్తుంది! అందుకే తీసేసిన చోట టూంబ్‌స్టోన్ (ఇక్కడ ఒకటి ఉండేదన్న గుర్తు) పెట్టాలి, వెతికేవాడు దాన్ని దాటుకుని ముందుకి పోవాలి. ఇంకోటి, టేబుల్ 75 శాతం నిండితే పెంచాలి అని రాసుకున్నప్పుడు ఈ టూంబ్‌స్టోన్లని కూడా నిండినట్టే లెక్కేయండి. లేకపోతే ఒకరోజు టేబుల్లో నిజమైన ఖాళీ గది ఒక్కటీ లేక లేని కీ కోసం వెతికే లూప్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

లాంగ్వేజ్‌లో యూజర్ వాడే డిక్షనరీకి మాత్రం వేసిన వరుస పోకుండా ఉంటే బాగుంటుంది, సీపైథాన్ 3.6 లో చేసినట్టు ఎంట్రీలన్నీ ఒక వరుస అరేలో పెట్టి, హ్యాష్ గదుల్లో వాటి ఇండెక్స్ నంబర్లు మాత్రమే పెట్టడం. మెమరీ కూడా తగ్గుతుంది. 3.7 నుంచి ఆ వరుస లాంగ్వేజ్ రూల్ అయిపోయింది.

బైట్‌కోడ్ (ఆప్‌కోడ్ల వరుస) దాచే చంక్ పెద్ద కష్టం కాదు. పెరిగే బైట్ అరే ఒకటి, నిండినప్పుడల్లా రెట్టింపు, పక్కన కాన్‌స్టంట్ల అరే, ఎర్రర్ మెసేజ్‌ల కోసం లైన్ నంబర్లు. కాన్‌స్టంట్ ఇండెక్స్‌కి 1 బైట్ ఇస్తే ఒక ఫంక్షన్‌లో 256 మించి పట్టవు, 2 బైట్లది ఇంకో ఆప్‌కోడ్ ఇప్పుడే పెట్టేసుకోండి. స్టాక్ మెషినా రిజిస్టర్ మెషినా (లెక్కలు స్టాక్ మీద పెట్టి తీస్తూ చేయాలా, నంబర్లున్న గదుల్లో చేయాలా) అని తలలు పట్టుకోవద్దు, లువా కూడా 2003లో 5.0 తోనే రిజిస్టర్లకి మారింది, మొదటిదానికి స్టాకే హాయి.

స్టాక్ అంటే గుర్తొచ్చింది, నాకు రెండు వీకెండ్లు తినేసిన బగ్ ఇక్కడిదే. కాల్ ఫ్రేమ్‌లో మూడు ఉంటాయి, ఏ ఫంక్షన్, ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఉన్నాం, స్టాక్‌లో ఈ ఫంక్షన్ లోకల్స్ ఎక్కడ మొదలు. ఆ మూడోది నేను పాయింటర్‌గా పెట్టా. స్టాక్ 256 గదులతో మొదలై నిండితే రియలాక్‌తో (మెమరీ సైజ్ పెంచే సి ఫంక్షన్‌తో) పెరిగేది. చిన్న ప్రోగ్రామ్‌లన్నీ పాస్, లోతుగా రికర్షన్ పోయేది ఒక్కటి మాత్రం ఒకసారి తప్పు జవాబు, ఒకసారి క్రాష్. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే అప్పుడు బయటపడింది, రియలాక్ స్టాక్ మొత్తాన్ని కొత్త చోటికి మార్చేసింది, ఫ్రేములన్నీ ఇంకా పాత అడ్రస్‌నే పట్టుకుని చూస్తున్నాయి. క్లోజర్ల (బయటి ఫంక్షన్ వేరియబుళ్లని వాడుకునే ఫంక్షన్ల) కోసం స్టాక్‌లోకి చూసే ఓపెన్ అప్‌వాల్యూలదీ అదే పరిస్థితి. దారులు రెండు, పాయింటర్ బదులు ఇండెక్స్ నంబర్ పెట్టుకోండి, లేదా లువా చేసినట్టు స్టాక్ జరిగినప్పుడల్లా ఫ్రేముల్నీ ఓపెన్ అప్‌వాల్యూల్నీ సరిచేసే ఫంక్షన్ ఒకటి పెట్టండి. నేను ఇండెక్స్‌కి మారిపోయా, ఒక కూడిక ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

ఇలాంటిదే గార్బేజ్ కలెక్టర్ దగ్గర ఇంకోటి. రెండు స్ట్రింగులు కలిపే ఆప్‌కోడ్ రాసేటప్పుడు రెండిటినీ స్టాక్ నుంచి పాప్ చేసి (తీసేసి), కొత్త స్ట్రింగ్‌కి మెమరీ అడుగుతాం. సరిగ్గా ఆ అలొకేషన్‌లోనే కలెక్టర్ నడిచిందంటే ఆ రెండు స్ట్రింగులు స్టాక్ మీద లేవు, ఎవరికీ అక్కర్లేదనుకుని వాటిని ఊడ్చేస్తుంది, మనం పోయిన మెమరీ నుంచి కాపీ చేస్తూ ఉంటాం. కాబట్టి పీక్ చేసి, అంటే స్టాక్ మీద ఉంచే, చదవండి, కొత్తది తయారయ్యాకే పాప్ చేయండి. ఇంటర్న్ టేబుల్‌ని మాత్రం రూట్‌గా (కలెక్టర్ వెతకడం మొదలుపెట్టే చోటుగా) మార్క్ చేయకండి, చేస్తే ఒక్క స్ట్రింగ్ కూడా ఎప్పటికీ ఫ్రీ అవ్వదు, మార్క్ అయ్యాక, స్వీప్‌కి (ఊడ్చడానికి) ముందు, మార్క్ కాని స్ట్రింగులని ఆ టేబుల్ నుంచి తీసేయాలి.

ఇవన్నీ పట్టుకోవడానికి మొదటి రోజే ఒక స్ట్రెస్ మోడ్ పెట్టండి, ప్రతి అలొకేషన్‌కీ కలెక్టర్ నడవాలి, స్టాక్ 1 గదితో మొదలై ప్రతి పుష్‌కీ రియలాక్ అవ్వాలి. చాలా స్లోగా నడుస్తుంది కానీ నెలకోసారి వచ్చే క్రాష్ పది సెకన్లలో వచ్చేస్తుంది. టెస్టులన్నీ ఆ మోడ్‌లో పాస్ అయ్యాక అప్పుడు ఆ హెడర్ ఫైల్ తెరిచి నాన్ బాక్సింగ్‌కి మార్చి, అవే టెస్టులు మళ్లీ నడపండి, ముందుగా 0 ని 0 తో భాగించే టెస్ట్.